పట్నంలో ఫెయిల్, మా జిల్లాలో పాస్

కొత్తగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు నల్లగొండలో మా ఇంటికి వస్తుంటారు. సర్కారు కాగితాల్లో మా పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. ఊళ్లలో మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టరే. చాయ్ తాగుతూ బదిలీల గురించీ, నాయకుల ఫోన్ల గురించీ అడుగుతారు. ఆ సంగతులు ఆఫీసులో ఎవరో ఒకరు చెప్తారు, నేను చెప్పనక్కర్లేదు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది పొగ సంగతి.

బ్రేకులు పడకపోతే బండి గుద్దుకుంటుంది, పేపర్లో ఫోటో వస్తుంది. టైరు పేలితే జనం గుమిగూడతారు. పొగకు ఆ భాగ్యం లేదు. అది మనిషిని ఒక్కరోజులో పడేయదు, మెల్లగా తింటుంది. అందుకే మా శాఖలో పొగను ఎవరూ లెక్క చేయలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ కొలువు చేసి, ఇప్పటికీ నాకు కోపం తగ్గనిది ఈ ఒక్క విషయంలోనే. మా అమ్మ కూలి బండ్లు ఎక్కి మమ్మల్ని సాకిన మనిషి. బహుశా అందుకేనేమో, ఆ బండ్లలో కూర్చునేవాళ్ల ఊపిరి నాకు వేరేవాళ్ల ఊపిరిగా ఎన్నడూ అనిపించలేదు.

ఒకే పొగ, ఊరికో లెక్క

ముందు పద్ధతి చెప్తాను. బండి సైలెన్సర్ గొట్టంలో ఒక నాజిల్ పెడతారు. డీజిల్ బండి అయితే యాక్సిలరేటర్ నిండా తొక్కమంటారు. పొగ ఎంత దట్టంగా ఉందో మిషన్ ఒక అంకె చూపిస్తుంది. అంకె హద్దులో ఉంటే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇస్తారు, దాటితే ఇవ్వరు. ఇంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

కానీ ఈ ఇంతలోనే ఎన్ని తేడాలో! మన దగ్గర రుసుము ఒకటి, కృష్ణ దాటితే ఇంకొకటి, కర్ణాటక వైపు వెళ్తే మరొకటి. ఒకచోట ఆరు నెలలకు రమ్మంటారు, ఇంకోచోట ఏడాది దాకా అడగరు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండిని రోడ్డెక్కనిచ్చేది లేదన్నారు. అదే బండి అక్కడి నుంచి వేరే చోటికి పోవచ్చన్న కాగితం పుచ్చుకుని బయటపడితే ఎక్కడో ఒక దూరపు జిల్లాలో దర్జాగా తిరుగుతుంది. పెద్ద నగరంలో నంబరు ప్లేటు ఫోటో తీస్తే గానీ మిషన్ కదలదు. మా జిల్లాల్లో మిషన్ సంచిలోంచి బయటికి రాకుండానే కాగితం బయటికొచ్చిన రోజులు నేను చూశాను.

పరీక్ష చేసే వ్యానువాణ్ని ఒకసారి నిలదీశాను. తిరుమలగిరి అంగడి దగ్గర వ్యాన్ నిలబెట్టుకునేవాడు, నా వయసు మనిషే.

"సారూ, ఉన్నమాట చెప్తున్న," అన్నాడు. "నేను మిషన్ పెట్టి ఫెయిల్ జేస్తే ఆ బండి పక్క వ్యాన్ కాడికి పోతది. ఆడు సూడకుండనే ఇస్తడు. గిరాకి ఆనికి పాయె, చెడ్డపేరు నాకొచ్చె. మీరే చెప్పున్రి, నేనెందుకు పెట్టాలె మిషన్?"

నిజం చెప్పాలంటే వాడు దొంగ కాదు. దొంగతనమే లాభంగా ఉండేలా నడుస్తున్న పద్ధతిలో బతుకుతున్నవాడు. పరీక్ష చేసేవాడి కడుపు పరీక్షకు వచ్చే బండి మీద ఆధారపడి ఉన్నంతకాలం ఏ బండీ ఫెయిల్ కాదు. ఈ మాట పై మీటింగుల్లో రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ టీ బ్రేక్ ఇచ్చారు.

రోడ్డు పక్కన కూలి బస్సు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండ వైపు పనిచేస్తున్నాను. పత్తి ఏరే కాలం. పొద్దున్నే చలిగా ఉంది. తిరుమలగిరి రోడ్డు మీద జీపులో వెళ్తుంటే పక్కన ఒక పసుపు మినీ బస్సు ఆగి ఉంది. దాని చుట్టూ ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరు వాంతి చేసుకుంటున్నారు. ఒకామె వెల్లకిలా పడి ఉంది. ఆమె ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

జీపు ఆపి దిగాను. పడి ఉన్నామె తల ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కొంగుతో విసురుతోంది. ఆవిడ పేరు ఎలిశమ్మ. ఆ కూలి ముఠాకు పెద్ద. పడిపోయినామె పుల్లమ్మ, ఎలిశమ్మ చెల్లెలి కోడలు.

"ఏమైందమ్మా? ఏం తిన్నరు?" అని అడిగాను.

"తినుడు గాదు సారూ. రోజు గిట్లనే. బస్సెక్కినంక తలకాయ పలుగుతది, కడుపుల తిప్పుతది. చేన్లకు దిగినంక జరసేపటికి తక్కువైతది. మందు కొట్టిన చేను గద, ఆ వాసనకేమో అనుకున్నం. గియ్యాల ఈ పిల్ల ఊపిరే అందుతలేదంటది."

ముందు పుల్లమ్మను నా జీపులో దవాఖానకు పంపాను. తర్వాత బస్సు యజమాని అంజయ్యను పిలిచాను. డ్రైవరూ అతనే. చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"బండి స్టార్ట్ జెయ్యి," అన్నాను.

నేను ఎక్కి అన్నిటికంటే వెనక సీట్లో కూర్చున్నాను. చలి కనుక ఆడవాళ్లు రోజూ ఎలా మూస్తారో అలాగే కిటికీలు మూయించాను. ఇంజన్ తిరుగుతుంటే కాసేపటికి గొంతులో కారం చల్లినట్టయింది. కళ్లు మండాయి. కాళ్ల కింద పరిచిన గోనెసంచి ఎత్తి చూస్తే తుప్పు పట్టిన రేకు, దానికి అరచేయంత రంధ్రాలు. రంధ్రాల్లోంచి కిందికి చూస్తే సైలెన్సర్ గొట్టం చీలి ఉంది. పొగ సగం వెనక్కి పోకుండా తిన్నగా సీట్ల కిందికి వస్తోంది. ఇంకాసేపు కూర్చుంటే నేనూ ఆ రోడ్డు పక్కన వాంతి చేసుకునేవాణ్ని.

దిగి కాగితాలు అడిగాను. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. అదే వారం ఇచ్చింది. కొత్తగా మెరుస్తోంది.

"ఇది ఎట్ల ఇచ్చిన్రు?"

"అడిగిన, ఇచ్చిన్రు సారూ," అన్నాడు అంజయ్య. "బండి గూడ తీస్కపోలే. నంబరు చెప్పిన."

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన వ్యానువాడు నిజంగానే నాజిల్ పెట్టి ఉన్నా ఈ బస్సు పాస్ అయ్యేదేమో. గొట్టం మధ్యలో చీలితే వెనక నుంచి వచ్చే పొగ తగ్గుతుంది. మిషన్‌కు అంకె బాగానే కనబడుతుంది. లోపల కూర్చున్న మనిషికి పెట్టే మిషన్ ఏదీ మన దగ్గర లేదు. బండి వెనక నిలబడి చూసేవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆపేశాను. బండి కూలీలను ఎక్కించుకోవద్దని రాసిచ్చాను.

పట్నం మిషన్

అంజయ్య గొట్టం మార్పించాడు, రేకు అతికించాడు. ఇక పొగంతా వెనక్కే పోవాలి. అప్పుడు చూడాలి అసలు సంగతి. తిరుమలగిరి వ్యాన్ దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. నా ముందు వ్యానువాడు మిషన్ బయటికి తీశాడు, నాజిల్ పెట్టాడు. యాక్సిలరేటర్ మాత్రం మెల్లగా తొక్కమన్నాడు. పాస్.

నాకు నమ్మకం కుదరలేదు. మరునాడు సెలవు పెట్టి, అంజయ్యను తీసుకుని, అదే బస్సులో పట్నం పొలిమేరలో ఉన్న ఒక పరీక్షా కేంద్రానికి వెళ్లాను. అక్కడ నంబరు ప్లేటు ఫోటో తీశారు. యాక్సిలరేటర్ నేల తాకేదాకా తొక్కించారు, మళ్లీ మళ్లీ తొక్కించారు. వెనక నల్లటి మబ్బు లేచింది. అంకె హద్దు దాటి ఎక్కడికో పోయింది.

కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నంబరు చూసి నవ్వాడు. "ఈ బండి మాకు ఎరుకే సార్. ఓ పెద్ద స్కూల్‌ది ఉండె. ఫెయిల్ చేసినం. పిల్లల తల్లిదండ్రులు లొల్లి పెడితే స్కూలోళ్లు అమ్మేసిన్రు. ఎవడు కొన్నడో అనుకున్న."

కొన్నవాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. అంజయ్య ముఖం ఎత్తలేదు.

తిరుగు దారిలో అంజయ్యే బండి నడిపాడు. చౌటుప్పల్ దాటాక అన్నాడు: "నాకు చెప్పలేదు సారూ. మంచి బండి, స్కూల్ బండి, పదిలంగ నడిపిన్రు అని చెప్పి అమ్మిన్రు."

పట్నం పిల్లలకు పనికిరాదని తేలిన బస్సు అది. ఆ పిల్లలకు తల్లిదండ్రులున్నారు, లొల్లి పెట్టారు, బస్సు మారింది. మంచిదే. కానీ ఆ బస్సు మాయం కాలేదు కదా! దాని పొగ ఎటూ పోలేదు. కూలికి పోయే ఆడవాళ్ల సీట్ల కిందికి వచ్చి చేరింది, అంతే. పట్నం గాలి శుభ్రపడిందని లెక్క రాసుకున్నవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. ఆ లెక్కలో పుల్లమ్మ లేదు.

మా పై అధికారి

రెండు ఫలితాలూ తీసుకెళ్లి మా పై అధికారి టేబుల్ మీద పెట్టాను. ఆయన గురించి నిజం చెప్పాలి. లంచం ముట్టని మనిషి. ఒకరి చాయ్ కూడా తాగేవాడు కాదు. అందుకే ఆయన మీద నా కోపం ఇంకా ఎక్కువ. డబ్బు కోసం తప్పు చేసినవాణ్ని ఏదో ఒకరోజు పట్టుకోవచ్చు. రూలు పేరు చెప్పి తప్పు చేసేవాణ్ని ఎవరు పట్టుకుంటారు?

"బండి ఏ జిల్లాలో ఉంది?" అని అడిగాడు.

"మన జిల్లాలనే సార్."

"మన జిల్లాలో లైసెన్సున్న వ్యాన్ పాస్ చేసింది. రిపేరు కూడా అయింది. ఇక మీరు పట్నం ఎందుకు తీసుకెళ్లారు? మిమ్మల్ని ఎవరు పొమ్మన్నారు?"

"ఒకటే బండి సార్. అక్కడ ఫెయిల్, ఇక్కడ పాస్ ఎట్లయితది?"

"అక్కడ ట్రాఫిక్ వేరు, గాలి వేరు. ఇక్కడ పొలాలున్నాయి, చెట్లున్నాయి. పొగ నిలవదు. అన్నిచోట్లా ఒకే పట్టుదల పనికిరాదండీ."

ఆ మాట అంటుండగానే ఎలిశమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ముఠాలోని మరో నలుగురు ఆడవాళ్లు వెనక ఉన్నారు. పట్నం పరీక్ష సంగతి చెవినపడి, బస్సు మళ్లీ తిరగనిస్తారేమో అడుగుదామని వాళ్లంతట వాళ్లే వచ్చారు. అటెండర్ ఆపుతున్నా ఆగలేదు.

"చెట్లు బయటున్నయి సారూ," అంది ఎలిశమ్మ. "మేము బస్సుల ఉంటం."

ఆయన ఉలిక్కిపడి చూశాడు. "ఎవరమ్మా మీరు?"

"ఆ బస్సెక్కేటోళ్లం. మా కోడలు దవాఖాన్ల ఉన్నది. పట్నం పిల్లలకు పనికిరాని బస్సు మాకెట్ల పనికొస్తది? మాయి ఊపిర్లు గావా?"

ఆయన కోప్పడలేదు. ఆమెను కూర్చోమన్నాడు కూడా. తర్వాత చాలా మర్యాదగా, రూలు ప్రకారం చెల్లే సర్టిఫికెట్ ఉన్న బండిని ఆపే అధికారం తనకు లేదని చెప్పాడు. ఆమె లేచి, "అధికారం లేనోడివి ఆ కుర్సీల ఎందుకు కూసున్నవ్?" అని బయటికి నడిచింది.

ఫిట్‌నెస్ తిరిగి ఇచ్చే కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. ఆయన ఇంకో ఇన్‌స్పెక్టర్‌తో పెట్టించాడు. బస్సు మళ్లీ రోడ్డెక్కింది.

కానీ ఎక్కేవాళ్లు లేరు. ఎలిశమ్మ ముఠా ఆ బస్సు గడప తొక్కలేదు. కొన్నిరోజులు దగ్గరి చేన్లకు నడిచే పోయారు, దూరపు కూలి వదులుకున్నారు. తర్వాత వేరే ఊరి బండి మాట్లాడుకున్నారు. మాట గెలిచింది గానీ పస్తు కూడా వాళ్లదే. అది మీరు మర్చిపోకూడదు. నిజం నిలబెట్టడానికి అయిన ఖర్చు ఎప్పుడూ పేదవాళ్ల ఖాతాలోకే పోతుంది.

పుల్లమ్మ దవాఖాన నుంచి వచ్చింది గానీ మళ్లీ చేను ముఖం చూడలేదు. ఇంట్లో కట్టెల పొయ్యి పొగకు కూడా గుక్క తిప్పుకోలేకపోయేది. అంతకుముందు నుంచీ ఆమె ఊపిరితిత్తులు బాగాలేవని, బస్సు ఒక్కటే కారణమని రాయలేమని డాక్టరు అన్నాడు. డాక్టరు మాట తప్పు కాదు. కానీ బాగాలేని ఊపిరితిత్తులకే కదా మంచి గాలి ఎక్కువ అవసరం.

అంజయ్య బస్సు అమ్మకానికి పెట్టాడని తెలిసి వెళ్లాను. "ఎవరికి అమ్ముతున్నవ్?" అని అడిగాను.

"నన్నేం జెయ్యమంటరు సారూ? చెరువుల తొయ్యాల్నా? పట్నపోడు వదిలించుకున్నడు, ఆన్ని ఎవ్వరు అడగలే. నన్నే అడుగుతున్రు."

నా అధికారం రోడ్డు మీద బండి నడిపేవాడి దాకానే. తెలిసి అంటగట్టినవాడి గేటు దాకా పోయే దారి మా రూల్స్ పుస్తకంలో లేదు.

జడ్చర్లలో అదే నంబరు

కొన్నేళ్ల తర్వాత పాలమూరు వైపు బదిలీ అయింది. జడ్చర్ల దగ్గర హైవే మీద ఫ్యాక్టరీలకు మనుషులను తీసుకెళ్లే బండ్లు తనిఖీ చేస్తున్నాను. ఒక తెల్ల మినీ బస్సు వచ్చింది. రంగు మారింది గానీ నంబరు మారలేదు. ఆ నంబరు నేను నిద్రలో కూడా చెప్పగలను.

కాంట్రాక్టర్ నర్సింలు మోటార్ సైకిల్ మీద వెనకే వచ్చాడు. మంచి చొక్కా, చల్లని మాట. పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. ఈసారి ఈ జిల్లా వ్యాన్ ఇచ్చింది.

"ఇంత సస్తల ఎట్ల జేస్తున్రు పరీక్ష?" అన్నాను. పట్నంలో తీసుకునేదాంట్లో సగం కూడా లేదు.

"గీ జిల్లాల గింతే సారూ. దూరపు ఊర్లు గద, జర తక్కువకే జేస్తరు."

కోపం నెత్తికెక్కింది. కానీ అరిస్తే లాభం లేదని ఆసరికి నేర్చుకున్నాను. "నర్సింలు గారూ, జర నాతోని రండ్రి. ఫ్యాక్టరీ దాకా పోదాం," అన్నాను. ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. బస్సు నిండా ఆడవాళ్లు. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసేవాళ్లు. కిటికీలు మూయమన్నాను. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని మూశారు.

అతికించిన రేకు మళ్లీ ఊడింది. బస్సు రెండో గేరులోకి పడేసరికి పొగ మోకాళ్ల దాకా వచ్చింది. నర్సింలు ముందు దస్తీ ముక్కుకు పెట్టుకున్నాడు. తర్వాత కిటికీ మీద చెయ్యి వేశాడు. "వద్దు," అన్నాను. ఇంకొంచెం దూరం పోయాక లేచి నిలబడి, "ఆపు! బండాపు!" అని డ్రైవర్ మీద అరిచి, బస్సు పూర్తిగా ఆగకముందే దిగిపోయి, రోడ్డు పక్కన తుమ్మచెట్టు పట్టుకుని దగ్గాడు.

నాకు ఒక క్షణం తృప్తి కలిగింది. అబద్ధమెందుకు, బాగా కలిగింది. అప్పుడు నా ముందు సీట్లో ఉన్న పద్మ అనే అమ్మాయి, ఎవరితోనో అన్నట్టు కాకుండా తనలో తానే అన్నట్టు అంది:

"సారు దిగిండు. మేము రేపు గూడ ఎక్కాలె."

నా తృప్తి అంతా అక్కడికక్కడే చల్లారింది. ఆ అమ్మాయి మాట న్యాయమే. నేను ఆ పూట ఒక మనిషిని దగ్గించాను, అంతే.

ఈసారి ఎవరినీ అడగలేదు. బస్సును అక్కడే పట్టుకుని డిపోకు పంపాను. చాసిస్ తుప్పు, రేకు, పొగ అన్నీ విడివిడిగా రాశాను. పొల్యూషన్ కాగితం ఒక్కటే పెట్టుకుని వాదిస్తే ఓడిపోతామని తిరుమలగిరిలోనే తెలిసింది. ఇది రోడ్డుకు పనికిరాదని మొత్తం బండినే తేల్చాను. ఇక్కడి పై అధికారి చదివి, ఒక్క ప్రశ్న అడగకుండా సంతకం పెట్టాడు. రిజిస్ట్రేషన్ రద్దయింది. పాత సామాన్ల యార్డులో గ్యాస్ కట్టర్‌తో దాని చాసిస్‌ను ముక్కలు చేస్తుంటే దగ్గరుండి చూశాను. పట్నంలో ఒక పూటలో అయిపోవాల్సిన పని అది. రెండు జిల్లాల ఆడవాళ్ల ఊపిరి తిన్నాక అయింది.

బండి పట్టుకున్న మరునాడే పొద్దున జడ్చర్ల స్టాప్‌కు వెళ్లాను. పద్మ వాళ్లు టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉన్నారు. నర్సింలు పంపిన కొత్త బండి వచ్చింది. కొత్తదంటే వాళ్లకు కొత్త. ఆర్సీ తీసి చూస్తే వేరే రాష్ట్రంలో పుట్టి, అక్కడ పాతబడి, కాగితాలు మార్చుకుని మా జిల్లా నంబరుతో వచ్చిన డీజిల్ బండి.

డ్రైవర్ కిటికీలోంచి సర్టిఫికెట్ చాపాడు. "అన్ని ఉన్నయి సారూ. నిన్ననే తీస్కున్నం."

చూడలేదు. అతని చేతిలోనే ఉంచమన్నాను. ఆడవాళ్లు ఎక్కుతుంటే వాళ్ల మధ్య నుంచి వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. పద్మ పక్కకు జరిగి జాగా ఇచ్చింది.

"కిటికీలు మూయున్రి," అన్నాను. డ్రైవర్ అద్దంలోంచి నా వైపు చూశాడు.

"ఇగ నడుపు."